గల్లంతు వెనుక గుట్టు

ఓడ వెళ్లింది... తిరిగి రాలేదు. విమానం ఎగిరింది... ఎక్కడా దిగలేదు. శకలం లేదు, శవం లేదు, ఆఖరి కేక కూడా లేదు. ఇంకేముంది! గ్రహాంతరవాసులు ఎత్తుకుపోయారనేవాళ్లు కొందరు, నీళ్లలో మునిగిన అట్లాంటిస్ నగరం లాగేసిందనేవాళ్లు ఇంకొందరు. బెర్ముడా త్రికోణం పేరుతో దశాబ్దాలుగా నడుస్తున్న కథలివి. మరి అలా మాయమైనవాటిలో కొన్ని దొరికాయి కదా... అప్పుడు ఏం తేలింది?

అమెరికాలోని ఫ్లోరిడా తీరం. 1945 డిసెంబరు 5, మధ్యాహ్నం రెండు గంటలు దాటింది. ఫోర్ట్ లాడర్‌డేల్ నౌకాదళ స్థావరం నుంచి అయిదు అవెంజర్ విమానాలు ఒకదాని వెనుక ఒకటి గాల్లోకి లేచాయి. వాటిలో మొత్తం 14 మంది ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధం అప్పటికే ముగిసింది. ఇది ఉత్త శిక్షణ. తూర్పున బహామా దీవుల వైపు వెళ్లాలి, దారిలో ఓ దిబ్బ దగ్గర బాంబులు వేయడం సాధన చేయాలి, తర్వాత ఉత్తరానికి మళ్లి అక్కణ్నుంచి ఇంటిదారి పట్టాలి. సాయంత్రం టీ వేళకు వచ్చేయొచ్చు.

నాయకుడు లెఫ్టినెంట్ చార్లెస్ టేలర్. యుద్ధకాలంలో పసిఫిక్ మీద విమానం నడిపిన మనిషి. మిగతా నాలుగు విమానాలు నడుపుతున్నది అతని దగ్గర శిక్షణ పొందుతున్నవాళ్లు.

మూడు గంటల నలభై నిమిషాలప్పుడు, ఆ చుట్టుపక్కలే ఎగురుతున్న మరో శిక్షకుడి రేడియోలో టేలర్ గొంతు వినపడింది. తన రెండు దిక్సూచులూ పనిచేయడం లేదన్నాడు. కింద నేల తునకలు తునకలుగా కనిపిస్తోందనీ అవి కచ్చితంగా ఫ్లోరిడా కీస్ దీవులేననీ చెప్పాడు.

కిటుకంతా అక్కడే ఉంది. కీస్ దీవులు ఫ్లోరిడా దక్షిణపు కొసన తోకలా వేలాడుతుంటాయి. బహామా దీవులేమో ఫ్లోరిడాకు తూర్పున ఉంటాయి. పైనుంచి చూస్తే రెండూ ఒకటే... నీలిగుడ్డ మీద బియ్యపు గింజలు చల్లినట్టు. టేలర్ అంతకుముందు మయామీ స్థావరంలో పనిచేశాడు. కీస్ మీద తిరిగీ తిరిగీ ఆ దృశ్యం అతని కళ్లకు అలవాటైపోయింది. కీస్ మీద ఉన్నవాడు ఇల్లు చేరాలంటే ఉత్తరానికో ఈశాన్యానికో తిరగాలి. బహామాస్ మీద ఉన్నవాడు అదే పనిచేస్తే నేరుగా అట్లాంటిక్ నడిబొడ్డుకు వెళ్తాడు!

విమానాలు కాసేపు ఈశాన్యానికి, కాసేపు పడమరకు, మళ్లీ తూర్పుకు తిరిగాయి. ‘పడమరకు పోతే ఇంటికి చేరతాం కదా’ అని శిక్షణలో ఉన్న ఓ కుర్రాడు విసుక్కోవడం కూడా రేడియోలో వినిపించింది. నాయకుణ్ని కాదని వెళ్లడం సైన్యంలో కుదిరే పని కాదు. పొద్దు గుంకింది. వాతావరణం పాడైంది. ఆరు గంటలకు కాస్త ముందు తీరంలోని రేడియో కేంద్రాలు సంకేతాలను బట్టి లెక్కకట్టాయి. విమానాలున్నది బహామాస్‌కు ఉత్తరాన, ఫ్లోరిడాకు తూర్పున. ఆ కబురు టేలర్‌కు అందనేలేదు. ఎవరి విమానంలో ఇంధనం పది గ్యాలన్లకు పడిపోయినా అందరం కలిసే నీళ్లలో దిగుదామని అతను చెప్పడం మాత్రం బయటివాళ్లకు వినిపించింది. ఏడు దాటాక ఆ గొంతులూ ఆగిపోయాయి.

వాళ్లను వెతకడానికి 7.27 గంటలకు మార్టిన్ మారినర్ అనే మరో విమానం 13 మందితో బయల్దేరింది. పెట్రోలు ఆవిర్లు లోపల పోగవుతాయన్న భయంతో సిబ్బంది దానికి ‘ఎగిరే పెట్రోలు ట్యాంకు’ అని పేరుపెట్టుకున్నారు. 7.50కి ఆ దారిన వెళ్తున్న ఓ ఓడలోనివాళ్లకు ఆకాశంలో మంటలు కనిపించాయి. తర్వాత నీళ్ల మీద చమురు తెట్టు కనిపించింది.

ఒక్క సాయంత్రం, 27 మంది. బెర్ముడా త్రికోణం కథలన్నిటికీ మూలస్తంభం ఈ ఒక్క ఘటనే.

తల్లి పోరాటం

నౌకాదళం విచారణ జరిపింది. వందల పేజీల నివేదిక తయారైంది. దారి తప్పడానికి టేలర్ పొరపాటే కారణమన్నట్టుగా అందులో రాశారు. టేలర్ తల్లి దాన్ని ఒప్పుకోలేదు. కొడుకు శవం కూడా దక్కలేదు, పైగా ఇంతమంది చావుకు కారకుడన్న నింద! విమానాలు దొరకలేదు, శవాలు దొరకలేదు, మరి తప్పు నా కొడుకుదేనని ఎలా చెబుతారని ఆమె పట్టుబట్టింది. అడిగినదాంట్లో న్యాయముంది. చివరికి 1947లో నౌకాదళం నివేదికను సవరించింది. టేలర్ పేరున్న చోట ‘కారణాలు తెలియవు’ అన్న మాట వచ్చి చేరింది.

ఓ తల్లి కడుపుకోత చల్లార్చడానికి రాసిన ఆ మాటే తర్వాత కథకులకు పెట్టుబడి అయింది. ‘అమెరికా నౌకాదళమే చేతులెత్తేసింది, చూశారా?’ అంటూ మొదలుపెట్టారు. ‘సముద్రం వింతగా ఉంది, తెల్లటి నీళ్లలోకి వెళ్తున్నాం’ అని టేలర్ చివర్లో అన్నాడంటూ పుస్తకాల్లో కనిపించే మాటలేవీ విచారణ నివేదికలో లేవు. ఎవరో రాశారు, మరొకరు చూసి రాశారు. 1977లో స్పీల్‌బర్గ్ తన ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్’ సినిమాలో ఆ విమానాలను ఎడారిలో చెక్కుచెదరకుండా దింపేశాడు. దాంతో గ్రహాంతరవాసుల పాత్ర ఖాయమైపోయింది.

1991లో ఓ అన్వేషక బృందానికి ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర్లోనే సముద్రం అడుగున అయిదు అవెంజర్ విమానాలు కనిపించాయి. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. తోకల మీది నంబర్లు చూస్తే టేలర్ బృందానివి కావు! యుద్ధకాలంలో వేర్వేరు రోజుల్లో వేర్వేరు ప్రమాదాల్లో పడిపోయినవి. ఆ రోజుల్లో అక్కడ శిక్షణ విమానాలు కూలడం అంత మామూలన్నమాట.

పాత పేపర్లు తిరగేస్తే...

ఇంతకీ ఈ త్రికోణం ఎక్కడుంది? మయామీ, బెర్ముడా, ప్యూర్టోరికోలోని శాన్ హువాన్... ఈ మూడింటినీ కలుపుతూ గీత గీస్తే వచ్చేదే అని చెబుతారు. అమెరికా ప్రభుత్వం గుర్తించిన భౌగోళిక నామాల్లో ఆ పేరు లేదు. 1964లో ‘ఆర్గొసీ’ అనే పత్రికలో విన్సెంట్ గాడిస్ రాసిన వ్యాసంతో ఆ పేరు జనంలోకి వెళ్లింది. పదేళ్ల తర్వాత చార్లెస్ బెర్లిట్జ్ రాసిన పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. త్రికోణం కొలతలు మాత్రం రాసేవాళ్లను బట్టి మారుతుంటాయి. ఓడ ఎక్కడ మునిగితే అక్కడిదాకా గీత సాగుతుంది!

అదే సమయంలో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో లారెన్స్ కుష్ అనే లైబ్రేరియన్ ఉండేవాడు. విద్యార్థులు వచ్చి త్రికోణం గురించి పుస్తకాలు అడిగేవాళ్లు. ఇతనికీ కుతూహలం కలిగింది. లైబ్రేరియన్‌కు చేతనైన పనే చేశాడు... ఏ ఓడ ఏ రోజున మాయమైందని రాశారో, ఆ రోజుల్లోని స్థానిక పత్రికలూ వాతావరణ రికార్డులూ తెప్పించుకుని చదివాడు. అంతే. కొత్త సిద్ధాంతం లేదు, యంత్రం లేదు.

చదివేకొద్దీ నవ్వొచ్చే సంగతులు బయటపడ్డాయి. ‘సముద్రం అద్దంలా ప్రశాంతంగా ఉండగా మాయమైంద’న్న ఓడలు కొన్ని నిజానికి పెనుతుపానులో మునిగాయి. 1937లో ఫ్లోరిడాలోని డేటొనా బీచ్ దగ్గర వందలమంది చూస్తుండగా ఓ విమానం పేలిపోయిందని రాశారు. ఆ ఊరి పేపర్లలో దాని గురించి ఒక్క ముక్క లేదు. 1902లో ‘ఫ్రేయా’ అనే జర్మనీ ఓడ మన్సనీయో రేవు నుంచి బయల్దేరి, మనుషులెవరూ లేకుండా దొరికింది. క్యూబాలో మన్సనీయో అనే ఊరుంది కాబట్టి దాన్ని త్రికోణం ఖాతాలో వేశారు. ఓడ బయల్దేరింది మాత్రం మెక్సికోలోని మన్సనీయో నుంచి. అది పసిఫిక్ మహాసముద్రం ఒడ్డున ఉంది! ఒక రామాపురంలో చావు కబురు మరో రామాపురానికి మోసినట్టు!

ఖాళీగా తేలుతూ దొరికిన ‘మేరీ సెలెస్ట్’ సంగతీ అంతే. 1872 డిసెంబరులో అది కనిపించింది అజోర్స్ దీవులకూ పోర్చుగల్‌కూ మధ్య. త్రికోణానికి అది సముద్రం అవతలి ఒడ్డు. అందులో 1,701 పీపాల ఆల్కహాలు ఉంది. ఆవిర్లు చూసి ఓడ పేలిపోతుందని భయపడి కెప్టెన్, భార్య, రెండేళ్ల కూతురు, నావికులు పడవలోకి దిగి ఉంటారన్నది ఎక్కువమంది నమ్మే వివరణ.

కుష్ పుస్తకం 1975లో వచ్చింది. అసలు రహస్యమన్నదే ఒకరి తప్పు చూసి మరొకరు రాయడం వల్ల పుట్టిందని తేల్చాడతను. లండన్‌లోని లాయిడ్స్ బీమా సంస్థ లెక్కలు కూడా ఇదే చెప్పాయి. వచ్చీపోయే ఓడల సంఖ్యతో పోలిస్తే అక్కడ మునిగేవి మిగతా సముద్రాల కంటే ఎక్కువేం కావు. డబ్బు పోగొట్టుకోవడం ఇష్టంలేనివాళ్లు వేసిన లెక్క కాబట్టి దాన్ని నమ్మొచ్చు.

సముద్రంలో ఓ నది

అలాగని అక్కడి నీళ్లు సాధువేం కాదు. ఫ్లోరిడా తీరం పక్కనుంచి ఉత్తరంగా గల్ఫ్ స్ట్రీమ్ అనే ప్రవాహం పోతుంటుంది. సముద్రంలో సముద్రమే నదిలా పారడమన్నమాట. ప్రపంచంలోని నదులన్నీ కలిసి మోసే నీటికన్నా ఎక్కువ నీటిని ఇదొక్కటే మోస్తుంది. పైభాగంలో వేగం గంటకు 6 కి.మీ. దాటుతుంది, ఒక్కోసారి 9 కి.మీ. కూడా ఉంటుంది. సాయంత్రం ఇంజిన్ ఆగిన పడవ తెల్లారేసరికి 70 కి.మీ. అవతల ఉంటుంది. కూలిన విమానం తాలూకు కుర్చీ, చెక్క, దిండు... ఏవైనా అంతే. వెతికేవాళ్లు కూలినచోట వెతుకుతారు, తేలేవి మాత్రం అక్కడ ఉండవు.

ఉత్తరం నుంచి చలిగాలి వీచినప్పుడు చూడాలి. నీళ్లు ఉత్తరానికి, గాలి దక్షిణానికి! గోదావరి సముద్రంలో కలిసేచోట పడవలు నడిపే సరంగులనడిగితే చెబుతారు, పోటుకు ఎదురుగాలి తగిలితే అల ఎలా నిక్కుతుందో. అక్కడదే తంతు కొన్ని రెట్లు పెద్దగా జరుగుతుంది. దానికితోడు జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం. ఉన్నట్టుండి పుట్టే ఉరుముల మబ్బులు. మబ్బులోంచి ఏనుగు తొండంలా నీళ్ల మీదికి దిగే సుడిగాలులు.

లోతు సంగతి మరీ విడ్డూరం. బహామా దీవుల చుట్టూ కొన్నిచోట్ల నడుముల్లోతు నీళ్లే. పడవ అడుగు పగడపు దిబ్బకు గీసుకుంటుంది. అక్కణ్నుంచి కాస్త పక్కకు జరిగితే వేల మీటర్ల అగాధం. ప్యూర్టోరికో పక్కనున్న కందకం లోతు 8,300 మీటర్ల పైమాటే. ఎవరెస్టును తెచ్చి అందులో నిలబెడితే కొస మాత్రమే పైకి కనిపిస్తుంది. అలాంటి చోట మునిగినదాన్ని 1945లోనో 1918లోనో వెతికి తీయడం ఎవరి తరం?

ప్రకృతి పేరు చెప్పే వివరణలన్నీ నిలబడతాయనుకుంటే పొరపాటే. సముద్రగర్భం నుంచి మీథేన్ వాయువు బుడగలుగా ఎగతన్ని ఓడల్ని ముంచేస్తోందన్నది ఒకటి. ప్రయోగశాల తొట్టెలో బొమ్మ పడవను బుడగతో ముంచి చూపించారు కూడా. త్రికోణం ప్రాంతంలో గత 15 వేల ఏళ్లలో అలా వాయువు పెద్దఎత్తున వెలువడిన దాఖలా లేదని అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ చెప్పేసింది. 2016లో టీవీల్లో మోతమోగిన ‘ఆరు పలకల మేఘాల గాలి బాంబులు’ అయితే మరీ తేలిపోయాయి. రాక్షస అలల సంగతి వేరు. 1995 జనవరి 1న నార్త్ సీలోని డ్రాప్నర్ చమురు వేదిక దగ్గర పరికరాలు 25 మీటర్లకు పైబడిన అలను నమోదు చేశాయి. అప్పటిదాకా నావికులు చెబితే కోతలని కొట్టిపారేసినవాళ్లు నోరు మూసుకున్నారు. అది ఏ సముద్రంలోనైనా లేవొచ్చు, త్రికోణానికే రాసిపెట్టిన అల కాదు.

ఎనిమిది మంది బతకబట్టి...

1986 మే 14. ‘ప్రైడ్ ఆఫ్ బాల్టిమోర్’ అనే తెరచాప ఓడ ప్యూర్టోరికోకు ఉత్తరాన, త్రికోణం నడుమ ప్రయాణిస్తోంది. పాతకాలపు ఓడలకు నకలుగా కట్టిన అందమైన ఓడ. లోపల 12 మంది. ఉన్నట్టుండి గంటకు దాదాపు 150 కి.మీ. వేగంతో ఓ గాలిదెబ్బ తగిలింది. ఓడ పక్కకు ఒరిగింది, నీళ్లు లోపలికొచ్చాయి, నిమిషాల్లో మునిగింది. రేడియోలో సాయం అడిగే వ్యవధి లేదు. కెప్టెన్, మరో ముగ్గురు చనిపోయారు. మిగిలిన ఎనిమిది మంది గాలి తెప్పమీద నాలుగు రోజులకు పైగా తేలుతూ గడిపారు. చివరికి రాత్రిపూట అటుగా వెళ్తున్న నార్వే ట్యాంకరుకు టార్చిలైటుతో సైగచేసి బతికి బయటపడ్డారు.

వాళ్లు వచ్చి చెప్పారు కాబట్టి అది ప్రమాదమైంది. ఆ తెప్పకు చిల్లుపడి ఉంటే? మంచి ఓడ, అనుభవమున్న కెప్టెన్, ఆపద సంకేతం లేదు, ఆనవాలు లేదు... జాబితాలో మరో వింత చేరేది!

‘సైక్లోప్స్’లో అలా చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. 306 మందితో 1918 మార్చిలో మాయమైన అమెరికా నౌకాదళ ఓడ అది. యుద్ధంతో సంబంధం లేకుండా ఆ దేశ నౌకాదళం ఒక్క ఘటనలో అంతమందిని ఎప్పుడూ పోగొట్టుకోలేదు. కెప్టెన్ జర్మనీలో పుట్టినవాడు కాబట్టి ఓడను శత్రువులకు అప్పగించాడన్నారు. యుద్ధమయ్యాక జర్మనీ రికార్డులు వెతికితే ఏమీ లేదు. నిజానికి దాని పరిస్థితి ఏమిటి? రెండు ఇంజిన్లలో ఒకటి పాడై ఉంది. బొగ్గు మోయడానికి కట్టిన ఓడలో బ్రెజిల్ నుంచి దానికన్నా బాగా బరువైన మాంగనీసు ఖనిజం సుమారు 10,800 టన్నులు నింపారు. బార్బడోస్‌లో ఆగి మార్చి 4న బయల్దేరింది, అంతే. 1941లో దాని తోబుట్టువుల్లాంటి ‘ప్రోటియస్’, ‘నీరియస్’ ఓడలు కూడా బరువైన ఖనిజంతోనే అట్లాంటిక్‌లో వారాల తేడాతో కనిపించకుండా పోయాయి. ఏళ్ల తరబడి బొగ్గు మోసి మోసి ఆ తరహా ఓడల్లో నిలువు దూలాలు తుప్పుపట్టి సన్నబడ్డాయని, పెద్ద అల మీద ఓడ నడుము విరిగి ఉంటుందని తర్వాత ఓ నౌకాదళ అధికారి వివరించాడు. ఒకే రకం ఓడలు మూడు, ఒకే రకం సరుకు, ఒకే రకం చావు. గ్రహాంతరవాసులకు మాంగనీసు, బాక్సైటు మీద అంత మోజెందుకు?

సినిమాలో ఎడారి... నిజంలో ఇసుక!

స్పీల్‌బర్గ్ సినిమా 1980 నాటి కొత్త ప్రతిలో గోబీ ఎడారిలో ఓ ఓడ కనిపిస్తుంది. పేరు ‘కోటోపాక్సీ’. అది నిజమైన ఓడే. 1925 నవంబరు 29న అమెరికాలోని చార్ల్‌స్టన్ నుంచి బొగ్గుతో, 32 మందితో క్యూబా రాజధాని హవానాకు బయల్దేరి కనిపించకుండా పోయింది. 2015లో అది క్యూబా దగ్గర మళ్లీ ప్రత్యక్షమైందంటూ ఇంటర్నెట్‌లో ఓ కట్టుకథ చక్కర్లు కొట్టింది కూడా.

అసలు ఓడ అప్పటికే జనం కళ్ల ముందుంది. ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఓ శిథిలం ఉందని అక్కడి జాలర్లకూ ఈతగాళ్లకూ ఏళ్లుగా తెలుసు. దాన్ని ‘ఎలుగుబంటి శిథిలం’ అనేవాళ్లు. ఏ ఓడదో మాత్రం ఎవరికీ తెలియదు. మైఖేల్ బార్నెట్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త దాని కొలతలు, బాయిలర్ల తీరు పాత కాగితాలతో పోల్చి చూశాడు. లండన్‌లో లాయిడ్స్ దస్తావేజులు వెతికిస్తే, కోటోపాక్సీ 1925 డిసెంబరు 1న ఆపద సంకేతం పంపినట్టూ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్లెలో దాన్ని విన్నట్టూ తేలింది. సరుకు గది మూతలు పాడైపోయి ఉన్నాయని నావికుల కుటుంబాలు అప్పట్లోనే కోర్టులో చెప్పాయి. తుపానులో నీళ్లు లోపలికి దిగడానికి అది చాలు. 2020లో ఈ విషయం ప్రపంచానికి తెలిసింది. కేకవేస్తూ మునిగిన ఓడను దాదాపు 95 ఏళ్లపాటు చడీచప్పుడు లేకుండా మాయమైందని చెప్పుకొన్నారన్నమాట.

26 గంటల మాటలు

ఇప్పటి ఓడలకు విమానాల్లాగే బ్లాక్‌బాక్స్ ఉంటుంది. ‘ఎల్ ఫారో’ అనే 240 మీటర్ల సరుకు ఓడలో ఏం జరిగిందో తెలిసింది దానివల్లే. 2015 అక్టోబరు 1న బహామాస్‌లోని క్రూకెడ్ ఐలండ్ దగ్గర 33 మందితో అది మునిగింది. జాక్సన్‌విల్లె నుంచి శాన్ హువాన్‌కు ప్రయాణం... అంటే అచ్చంగా త్రికోణంలోనే. ఎదురుగా జొయాకిన్ అనే పెనుతుపాను. ఒక్కరూ బతకలేదు.

4,600 మీటర్ల లోతున పడి ఉన్న ఓడ దగ్గరి నుంచి మరుసటి ఏడాది ఆగస్టులో బ్లాక్‌బాక్స్ పైకి తీశారు. ఓడ నడిపే గదిలోని 26 గంటల మాటలు అందులో ఉన్నాయి. కెప్టెన్ నమ్ముకున్న వాతావరణ సమాచారం గంటల కిందటిది. దారి మార్చడం మంచిదని కిందిస్థాయి అధికారులు చెప్పారు, అతను వినలేదు. ఒక చోట మూత సరిగా పడక నీళ్లు లోపలికొచ్చాయి. ఓడ ఒరిగింది. ఒరగడంతో ఇంజిన్‌కు నూనె అందలేదు. ఇంజిన్ ఆగింది. ఇంజిన్ ఆగిన ఓడ తుపానులో చెక్కముక్కతో సమానం. చివరి నిమిషాల్లో కదల్లేకపోతున్న ఓ నావికుణ్ని వదిలిపోనని, ఇద్దరం కలిసే వెళ్దామని కెప్టెన్ ధైర్యం చెబుతుండటం కూడా అందులో రికార్డయింది. విన్న దర్యాప్తు అధికారులకు ఎలా ఉండి ఉంటుందో!

పాత సమాచారం, ఒక మనిషి మొండితనం, తెరుచుకున్న ఒక మూత. వందేళ్ల కిందటైతే ‘భారీ ఓడ, 33 మంది, మిస్టరీ’ అని రాసేవాళ్లు.

విమానాలకూ ఇదే వర్తిస్తుంది. 2009 జూన్ 1న 228 మందితో రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానం అట్లాంటిక్ మీద అదృశ్యమైంది. రెండేళ్ల తర్వాత సుమారు 3,900 మీటర్ల లోతున బ్లాక్‌బాక్సులు దొరికాయి. వేగం కొలిచే గొట్టాల్లో మంచు స్ఫటికాలు అడ్డుపడ్డాయి. మీటర్లు తప్పు వేగం చూపించాయి, కంగారులో పైలట్లు విమానం ముక్కును పైకెత్తారు. నాలుగైదు నిమిషాల్లో అంతా ముగిసిపోయింది.

బంగాళాఖాతంలో ఏడున్నరేళ్లు

సముద్రం మనిషిని మింగితే ఏమవుతుందో మన తీరానికి ఒకరు చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను కొట్టినప్పుడు చేపలవేటకు వెళ్లినవాళ్లు ఎందరో తిరిగిరాలేదు. చాలామంది శవాలు కూడా దొరకలేదు. దాన్నెవరూ వింత అనలేదు, త్రికోణం గీయలేదు. గల్లంతయ్యారన్నారు, అంతే. కాకపోతే ఆ మాటలో ఓ చిక్కుంది. శవం లేనిదే చావు లేదు. మనిషి జాడ ఏడేళ్లపాటు తెలియకపోతేనే చనిపోయినట్టు భావించే వీలు మన సాక్ష్య చట్టంలో ఉంది. అంతకాలం ఇంట్లోవాళ్లు అటూ ఇటూ కాకుండా నలగాలి. ఫొటోకు దండ వేయాలా వద్దా అన్నది కూడా తేలదు.

2016 జులై 22 ఉదయం చెన్నై పక్కనున్న తాంబరం నుంచి వాయుసేన ఏఎన్-32 విమానం పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరింది. లోపల 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగారంలో పనిచేసే ఉద్యోగులు. వానాకాలం, మబ్బులు పట్టిన ఆకాశం. తొమ్మిది గంటల తర్వాత కాసేపటికి రాడార్ నుంచి విమానం మాయమైంది. చివరిసారి కనిపించినప్పుడు 23 వేల అడుగుల ఎత్తు నుంచి ఎడమవైపు తిరుగుతూ వేగంగా కిందికి జారిపోతోందని అధికారులు చెప్పారు. ఓడలు, విమానాలు, జలాంతర్గామి వారాల తరబడి వెతికాయి. తేలే చెక్క ఒక్కటి కూడా దొరకలేదు.

కథలు ఇక్కడా పుట్టాయి. ఎత్తుకుపోయారన్నారు, ఏదో దీవిలో దిగి ఉంటారన్నారు. విశాఖలో ఆ ఎనిమిది ఇళ్లవాళ్లు ఏ కబురును నమ్మాలి, దేన్ని వదిలేయాలి? ఆ ఏడాది సెప్టెంబరులో 29 మందీ చనిపోయినట్టుగా భావిస్తున్నామని వాయుసేన కుటుంబాలకు ఉత్తరాలు రాసింది. ‘భావిస్తున్నాం’ అన్న మాటతో ఏ తల్లి మనసు కుదుటపడుతుంది?

తర్వాత చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ చేతికి, మనుషులు లేకుండా తనంతట తానే లోతుల్లో తిరిగే ఓ యంత్రం వచ్చింది. విమానం పడి ఉంటుందనుకున్న చోట దాన్ని దింపారు. శబ్ద తరంగాలతో అడుగంతా జల్లెడపట్టి ఫొటోలు తీసింది. తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున విమాన శకలాలు కనిపించాయి. పరిశీలించి చూస్తే అవి ఏఎన్-32 నిర్మాణంతో సరిపోయాయి. ఆ చోట మరే విమానమూ గల్లంతైనట్టు రికార్డుల్లో లేదు. 2024 జనవరి 12న ప్రభుత్వం ఈ సంగతి ప్రకటించేసరికి, విశాఖలో ఆ ఎనిమిది కుటుంబాలు ఎదురుచూడటం మొదలై ఏడున్నరేళ్లు కావస్తోంది.